గుంటలాయన ప్రయాణం

ఏడో గ్రీన్ పొట్టి గడ్డి మీద గుంటలాయన మోకాళ్లు ఆనించి, పాత గుంటలోంచి తెల్ల కప్పును కొక్కెంతో పైకి లాగాడు. అడుగున రెండు చీమలు, కాస్త తడి ఇసుక. కప్పును తువాలుతో తుడిచి పక్కన పెట్టి, పది అడుగులు ఎడమకు నడిచి, బూటు కాలితో నేలను నొక్కి చూశాడు. ఇవాళ్టికి ఇక్కడ. గొట్టంలా ఉండే కోత పనిముట్టును నిటారుగా నిలబెట్టి, రెండు పిడులూ పట్టుకుని, ఒంటి బరువంతా వేసి మెలితిప్పాడు. జానెడు మట్టి గడ్డితో సహా దిమ్మలా ఊడి వచ్చింది. దాన్ని తీసుకెళ్లి పాత గుంటలో కూర్చి, అరచేత్తో చదును చేసి, నీళ్లు చిలకరించాడు. కప్పును తెచ్చి కొత్త గుంటలో దించాడు. లేచి చూస్తే నిన్నటి గుంట ఎక్కడుందో అతనికే ఆనవాలు దొరకలేదు.

గోల్ఫ్ మైదానంలో బంతి పడే గుంట రోజూ ఒకేచోట ఉంటే చుట్టూ గడ్డి చచ్చిపోతుంది. అందుకని తెల్లవారగానే ఎవరో ఒకరు పద్దెనిమిది గుంటల్నీ మార్చాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ఎవరో ఒకరు అతనే. క్లబ్బులో అందరికీ అతను గుంటలాయన. అసలు పేరు పెట్టి పిలిస్తే వెంటనే తిరిగి కూడా చూడడు.

దూరంగా గడ్డి కోసే బండి చప్పుడు వినిపించింది. బావమరిది ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి, పన్నెండు రోజులుగా, దాన్ని కొత్త మనిషి నడుపుతున్నాడు. కోసిన గడ్డిలో చారలు వంకర పోతున్నాయి. బావమరిది నడిపితే ఆ చారలకు దారం కట్టి చూసినా తేడా ఉండేది కాదు. గుంటలాయన ఆ వంకర చారల వంక కాసేపు చూసి, పనిముట్టు భుజాన వేసుకుని ఎనిమిదో గ్రీన్ వైపు నడిచాడు.

బావమరిది పందొమ్మిదేళ్ల వయసులో ఒక సంచీతో అక్క దగ్గరికి వచ్చాడు. నాలుగు రోజులుండి వెళ్తానన్నాడు. వెళ్లలేదు, పెళ్లీ చేసుకోలేదు. అక్క పోరితే, "నీ చేతివంట తింటూ నీ చేత తిట్లు తింటున్నాను, ఇంకొకరి తిట్లు కూడా ఎక్కడ పడతాయే" అనేవాడు. గుంటలాయన దంపతులకు పిల్లలు లేరు. ఇంట్లో మాటలన్నీ బావమరిదివే. గుంటలాయన "ఊఁ" అనేవాడు.

సోమవారం క్లబ్బుకు సెలవు. ఆ రోజు పనివాళ్లు ఆడుకోవచ్చు. సభ్యులు పారేసిన కర్రలు ఏరి తెచ్చుకుని ఇద్దరూ ఆడేవారు. పన్నెండేళ్ల క్రితం ఒక సోమవారం బావమరిది చెత్తబుట్టలోంచి ఒక పత్రిక తీశాడు. అందులో విదేశంలో ఉన్న ఒక పేరుమోసిన మైదానం బొమ్మ ఉంది. పక్కనే సముద్రం, ఒక్క చెట్టు లేదు, మనిషి దిగితే తల కూడా కనబడనంత లోతు ఇసుక గుంటలు.

"బావా, మనం ఇక్కడ ఆడదాం" అన్నాడు, ఇంటి కప్పు బాగు చేయిద్దాం అన్నంత మామూలుగా.

"ఊఁ" అన్నాడు గుంటలాయన.

ఆ రోజు నుంచి వంటింటి గోడ మీద ఆ మైదానం పటం. ఏ గుంట దగ్గర గాలి ఎటు వీస్తుందో బావమరిది పెన్సిలుతో బాణాలు గీశాడు. అక్కడ ఎవరైనా ఆడొచ్చు కానీ చీటీలో పేరు రావాలి. ఏడుసార్లు రాలేదు. ఎనిమిదోసారి, ఈ ఏడాది, ఇద్దరి పేర్లూ కలిపి వచ్చాయి. ఆ నెలలోనే బావమరిదికి కాళ్లు వాచడం మొదలైంది.

పని ముగించి పనిముట్లు కడుగుతుంటే సూపర్‌వైజర్ వచ్చాడు.

"నీ సెలవు కాగితం మీద సంతకం అయిందయ్యా. మీవాడికి ఎలా ఉంది?"

"అలాగే ఉందండి."

"మరి ప్రయాణం?"

"ఇద్దరూ వస్తున్నారా అని ఆ మైదానం వాళ్లు అడిగారండి. సాయంత్రంలోగా చెప్పాలి."

సూపర్‌వైజర్ అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

ఆసుపత్రి మూడో అంతస్తు. ఆరు మంచాల గది. కిటికీ పక్క మంచం మీద బావమరిది దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడడం లేదు. మొహం ఎండి, పాదాలు ఉబ్బి, ఇద్దరు వేర్వేరు మనుషులను అతికించినట్టు ఉన్నాడు.

"అక్కేది?"

"నీ ఉతికిన బట్టలు తేవడానికి వెళ్లింది. వస్తుంది."

"వచ్చేలోగా ఫోన్ తియ్యి. ఆవిడొస్తే ఏడుపు మొదలెడుతుంది. పేర్లు ఇచ్చేద్దాం."

గుంటలాయన ఫోన్ తీశాడు. వేళ్ల మొనలు గట్టిపడిపోవడం వల్ల తెర ఒక్కసారికి మాట వినదు. రెండు పేర్లు, పక్కన రెండు చిన్న గడులు. తన పేరు పక్కన నొక్కాడు. రెండో గడి దగ్గర వేలు ఆగిపోయింది.

"నొక్కు బావా."

"డాక్టరు..."

"డాక్టరు నాతో కూడా చెప్పాడులే. ఒక్క పేరే ఇస్తే నీ వంతు కూడా పోతుందట. నేను రాకపోతే అక్కడ ఎవడో ఒకడు నీతో జత కలుస్తాడు. వాడు మాట్లాడుతుంటే నువ్వు ఊఁ అను. నీకు అలవాటేగా."

గుంటలాయన నొక్కాడు. తెర మీద పచ్చరంగు గుర్తు వచ్చింది.

బావమరిది కళ్లు మూసుకుని, ఊపిరి కూడదీసుకుని, "ఇవాళ గుంటలు ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. గుంటలాయన కొంచెం ఆలోచించి చెప్పడం మొదలుపెట్టాడు. ఒకటోది వెనకాల కుడి మూల. రెండోది మధ్యలో, వాలు దిగే ముందు. మూడోది నీళ్ల పక్క. బావమరిది "అమ్మో, దొంగ గుంట" అని పెదవులతోనే నవ్వాడు. ఏడోది ఎడమకు పది అడుగులు. ఎనిమిదోదానికి బావమరిది "ఊఁ" అన్నాడు. తొమ్మిదోదానికీ, పదోదానికీ అన్నాడు.

పదకొండోదానికి అనలేదు.

గుంటలాయన అతని ఛాతీ వంక చూశాడు. సీసాలోంచి గొట్టంలోకి చుక్క పడుతోంది. పక్క మంచం మనిషి పత్రిక తిప్పుతున్నాడు. లేచి ఎవరినైనా పిలవాలని తెలుసు. పన్నెండోది ముందు వైపు అని చెప్పాడు. పదమూడోది చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పద్దెనిమిదోది క్లబ్బు మెట్లకు ఎదురుగా అని చెప్పి, అప్పుడు లేచి వెళ్లి నర్సును పిలుచుకొచ్చాడు.

నర్సు వచ్చింది, డాక్టరు వచ్చాడు, మంచం చుట్టూ తెర లాగారు. భార్య ఉతికిన బట్టలతో వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఆమెను లేపి కూర్చోబెట్టాడు. ఆమె ఏడుస్తున్నంతసేపూ వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. తనకూ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. అరచేతులు మాత్రం బరువుగా అనిపించాయి.

కాగితాల మీద సంతకాలయ్యాక ఆమె మొహం తుడుచుకుని అడిగింది.

"పేర్లు ఇచ్చారా?"

"ఊఁ. ఇద్దరివీ."

"నువ్వు వెళ్లిరా. వాడిది అదే గోల." కొంగు బొడ్లో దోపుకుని, "ఏం చేశావు, ఎలా ఆడావు అని వచ్చి నాకు చెప్పాలి. ఊఁ అంటే కుదరదు" అంది.

అతను తలూపాడు.

మంచం పక్క అలమరా ఖాళీ చెయ్యమని నర్సు చెప్పింది. దువ్వెన, రెండు చొక్కాలు, మందుల చీటీలు ఆమె సంచీలో వేసుకుంది. అట్టడుగు అరలో, ఆసుపత్రికి వచ్చే ముందు ఎప్పుడు కొన్నాడో, పల్చటి ప్లాస్టిక్ కవరులో ఆటలో ఒక్క చేతికే వేసుకునే తొడుగు ఒకటుంది. ఆడేవాళ్లు దాన్ని వాటం కాని చేతికి వేసుకుంటారు. బావమరిది ఎడమచేతివాటం మనిషి. తెల్లటి తోలు, లోపల అట్ట పెట్టడం వల్ల అయిదు వేళ్లూ నిండుగా చాపి ఉన్న, కుడిచేతి తొడుగు.