దొడ్డి తలుపు

జోజమ్మకి తెల్లారేది దొడ్డి తలుపు గడియ తీయడంతోనే. అంట్లు తోమాలన్నా, కోళ్ళకి గింజలు వేయాలన్నా అటే దారి. ఏడో నెలలోనే కోడలు బ్లెస్సీకి నొప్పులొచ్చిన పొద్దున మాత్రం ఆ ఒక్క తలుపుతో ఆగలేదు. కాన్పు సులువుగా కావాలంటే ఇంట్లో ఏదీ మూసి ఉండకూడదు. మెడలో జపమాల వేసుకుని ఈ చాదస్తమేంటని కొడుకు యేసురాజు విసుక్కున్నా వినకుండా బీరువా, ట్రంకుపెట్టె, ఆఖరికి పచ్చడి జాడీ మూత కూడా తీసింది. తీరా తిరువూరు ఆస్పత్రికి బయల్దేరే హడావిడిలో అన్నీ మూసి, దొడ్డి తలుపు మరిచిపోయింది.

పిల్ల గుప్పెడంత పుట్టింది. గాజుపెట్టెలో డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తుంటే జోజమ్మకి చూడాలంటేనే భయమేసేది. మందు వేస్తున్నా తగ్గకపోయేసరికి డాక్టర్ పూజిత ఆమెను లోపలికి పిలిచి, పిల్ల రొమ్ముమీద జెల్ రాసి గుండె స్కాన్ చూపించింది. తెరమీద చిన్న గుండె. దాని పక్కనే పెనుగొలనులోని తమ ఇంటి దొడ్డి తలుపు, పెచ్చులూడిన నీలం రంగుతో సహా, టపటపా కొట్టుకుంటోంది.

"ఇది మీ ఇంటిదేనా అమ్మా?" అంది డాక్టర్.

"మాదేనండి," అంది జోజమ్మ.

కడుపులో ఉన్నంతకాలం రెండు పెద్ద రక్తనాళాల మధ్య ఈ దారి తెరిచే ఉంటుందనీ, పుట్టాక మూసుకోవాలనీ, మూసుకోక ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువైపోతోందనీ డాక్టర్ చెప్పింది. ఇక మిగిలింది విజయవాడలో ఆపరేషన్. అంతదూరం ప్రయాణం ఈ పిల్ల తట్టుకుంటుందని మాత్రం తను చెప్పలేనంది.

యేసురాజు బండి మీద ఊరికి పరుగెత్తాడు. గాలికి గడియ ఊడిపోయి ఉంది. తలుపు మూసి, వీపు ఆనించి, తల్లికి ఫోన్ చేశాడు. డాక్టర్ మళ్ళీ స్కాన్ పెట్టింది. తలుపు మూసే ఉంది కానీ, సందులోంచి ఎర్రగా ఇంకా చిమ్ముతోంది.

"కదలొద్దని చెప్పండి."

"ఎందాకండి?"

"అతుక్కునేదాకా."

అవతలి నుంచి ఏదో తోస్తూనే ఉంది. కాళ్ళు జారితే పిల్ల పోతుందని యేసురాజు భయంతో ఏడ్చాడు. పక్కింటి పుల్లమ్మ వచ్చి అన్నం కలిపి నోట్లో పెట్టింది, ఎందుకలా నిలబడ్డావని అడగలేదు. చివరికి ఆ తోపు మెల్లగా తగ్గింది. వీపుకి చెక్క తగలడం లేదు, చల్లటి గోడ తగులుతోంది.

బ్లెస్సీ పిల్లనెత్తుకుని వీధి గుమ్మంలోంచే వచ్చింది. జోజమ్మ ఇప్పుడు అంట్ల గంప చంకనపెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ సందు చుట్టూ తిరిగి దొడ్లోకి వెళ్తుంది. మేస్త్రీని పిలిచి గోడకి తలుపు పెట్టించుకోవచ్చు కదా అంది పుల్లమ్మ.

"నడుస్తానులే," అంది జోజమ్మ.

కొత్త క్యాలెండర్ తగిలించడానికి కూడా ఆ గోడకి మేకు కొట్టనివ్వదు.