తాడు గుంజిన చెయ్యి

పైకొచ్చేటప్పుడు ఆగి పీల్చాల్సిన ఆక్సిజన్ సీసా ఈ రోజూ రాలేదు. లోతులో మత్తెక్కకుండా గాలిలో కలిపే హీలియం సంగతి సరేసరి. మూతపడ్డ ఓపెన్‌కాస్ట్ గనిలో, యాభై మీటర్ల నీళ్ల కింద నీళ్లు తోడే మోటార్లతో సహా మునిగిన ఇనప పంటు ఉంది. దానికి క్రేన్ కొక్కెం తగిలించాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో, పడవలో, ఇస్తారి గాలి సీసాలు వీపున కట్టుకోకుండా కూర్చున్నాడు.

కాంట్రాక్టరు విద్యాధర్ నవ్వాడు. "మీ బాపు ఊపిరి బిగవట్టి గోదాట్ల పీనుగులను తీసిండు. నీకు సీసాలల్ల గాలి నింపిచ్చినా పరేషానేనా?"

నిజమే, మంథని రేవులో ఆ ఇంటి మగవాళ్లది ఒకటే పద్ధతి. దిగాలి, పట్టాలి, చటుక్కున పైకి రావాలి. నీళ్లలో నిలిచినవాడు నీళ్లపాలేనని బాపు నేర్పాడు. ఆ పాఠమే కొంప ముంచింది. పది రోజుల కింద అన్న మల్లేష్ ఇదే పంటు కోసం దిగినప్పుడు, అతని నడుముకు కట్టిన తాడు ఇస్తారి చేతిలోనే ఉంది. ఆలస్యమయ్యేసరికి భయపడి, బలమంతా పెట్టి ఒక్క ఊపున గుంజాడు. అన్న పైకొచ్చి బీడీ అడిగాడు. అరగంటకు నడుం కింద చచ్చుబడింది. లోతులో పీల్చిన గాలి నెత్తుట్లో ఇంకుతుందట. ఆగి ఆగి రాకపోతే మూత తీసిన సోడాలా పొంగుతుందట. డాక్టరు చెప్పాడు సరే, ముందే ఎవడు చెప్పాడు? పాపం, ఇప్పుడు అన్నం కలుపుతున్నా ఇస్తారి చేతికి ఆ తాడే తగులుతుంది.

ఆ జబ్బు నయం చేసేందుకు, గాలి ఒత్తిడి పెంచి పడుకోబెట్టే గది హైదరాబాదులో ఉంది. పంటు తేలిన రోజే మల్లేష్‌కు కారు పెడతానన్నాడు విద్యాధర్.

"దిగుత సార్," అన్నాడు ఇస్తారి. "కాని నేను పైకొచ్చేదాంక తాడు గుంజద్దు."

అడుగున కల్లు తాగినట్టు తల తిరిగింది. కొక్కేన్ని చూసి ఊరికే నవ్వొచ్చింది. నోట్లోని గాలిగొట్టం రబ్బరును పళ్లతో కొరికి, తడుముకుంటూ తగిలించాడు. పైన తేలే డబ్బాకు కట్టి వేలాడదీసిన తాడు పట్టుకుని మెల్లగా, ఆగి ఆగి ఎక్కాడు. మూడు మీటర్లు మిగిలాయనగా, డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం చివరిసారి ఆగాడు.

నడుముకు కట్టిన తాడు మూడుసార్లు కదిలింది. పైకి రమ్మని. క్రేన్ కిరాయి గంటలెక్కన మరి. ఇస్తారి ఒకసారి గుంజి, ఆగమన్నాడు. మళ్లీ మూడు. ఈసారి ఒళ్లు లేచేటంత బలంగా.

ఇస్తారి నడుముకున్న ముడి విప్పేశాడు. ఖాళీ తాడు సరసరా పైకి పోయింది. పడవ నీడ ఊగింది, ఎవరో అరిచారు.

గడియారంలో ఆగాల్సినవి ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. సీసాల్లో మిగిలిన గాలి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ఇస్తారి డబ్బా తాడును రెండు చేతులా పట్టుకుని అక్కడే ఉన్నాడు.