హన్మంత్ కింద కూర్చున్న రోజు

పెళ్లి గానీ దశదినకర్మ గానీ గ్రామసభ గానీ, మర్నాడు పొద్దున్నే టెంట్ హౌజ్ వనజ జంపఖానాను దండెం మీద వేసి కర్రతో బాదుతుంది. దుమ్ముతోపాటు దాని మీద కూర్చున్నవాళ్ల మాటలూ రాలుతాయి. ఎవరు ఏ మూల కూర్చుంటే ఆ మూల నుంచి వాళ్ల గొంతే. ఒక మాట ఒక్కసారే రాలుతుంది, మళ్లీ కొడితే ఉత్త దుమ్మే. ఎర్రదిబ్బలపల్లెలో ఇది అందరికీ తెలుసు. పెళ్లిలో కూర బాగాలేదన్న చుట్టాలు రెండు రోజులపాటు వనజ ఇంటి దారిన నడవరు. ఊరి పెద్దమనుషులకు ఆ బాధ లేదు. వాళ్లు ఎప్పుడూ కుర్చీల్లోనే కూర్చుంటారు, ప్లాస్టిక్ కుర్చీకి ఏ మాటా అంటుకోదు.

అందుకే, మొన్నటి గ్రామసభ ముగిసిన సాయంత్రమే "జంపఖానా జర సబ్బు పెట్టి ఉతుకు వనజా" అని హన్మంత్ స్వయంగా వచ్చి చెప్పినప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది. ఊరికి సర్పంచ్ విజయలక్ష్మి. సర్పంచ్‌గిరీ చేసేది మాత్రం ఆమె భర్త హన్మంత్. పదేళ్లలో ఒక్కసారైనా శుభ్రత ఊసెత్తని మనిషి! అయినా వనజ ఉతికింది, రాలాల్సిన మాటలన్నీ సబ్బునీళ్లలోనే పోయాయి. ఆ ఇంటివాళ్లను కాదనుకుని ఆ ఊళ్లో టెంట్ హౌజ్ నడవదు మరి.

వారానికి సంగతి బయటపడింది. ఊరి చుట్టూ వేయబోయే కొత్త రోడ్డు మొదటి ప్లాన్‌లో హన్మంత్ మిర్చి చేను మీదుగా ఉండేది. అది పక్కకు జరిగి ఐలమ్మ ఎకరం పది గుంటల మీద పడింది. "ఐలమ్మ సభలో లేచి నిలబడి, ఊరి మేలు కోసం తన భూమి ఇస్తానని ప్రకటించినది" అని తీర్మానంలో రాశారు. కింద ఆమె వేలిముద్ర. వేలిముద్ర నిజమే. హాజరు కాగితం అంటే ఆమెతోపాటు ఊరంతా వేసింది. వేసి ఎవరికివాళ్లు పత్తి ఏరడానికి పోయారు గనక, ఆ తరువాత సభలో ఎవరేమన్నారో చూసినవాళ్లు లేరు.

ఐలమ్మ నాలుగు మాటలు పోగేసి మాట్లాడే మనిషి కాదు. "నేనేం అనలే బిడ్డా" అంటే ఎవరూ నమ్మలేదు. లోపల ఏం ఒప్పందం చేసుకున్నదో అని గుసగుసలు పోయారు. కన్నకొడుకు కుమార్ కూడా "నాకు చెప్పకుంట ఎట్ల ఇచ్చినవ్ అవ్వా?" అని అడిగి, అదే ఇంట్లో వేరే పొయ్యి పెట్టుకున్నాడు. భూమి పోవడం కంటే అది పెద్ద అన్యాయం.

అంతలో జిల్లా ఆఫీసు నుంచి అక్షిత అనే అమ్మాయి వచ్చింది. ప్లాన్‌లలో జనం మాట నిజంగా చెల్లిందో లేదో చూసి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. ఊరు ఆమెనూ నమ్మలేదు. హన్మంత్ ఇంట్లో చాయ్ తాగుతుందా లేదా అని కాపు కాశారు. తాగింది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారు. తరువాత ఐలమ్మ ఇంట్లోనూ తాగింది, చాలాసేపు కూర్చుంది. అది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అక్షిత మళ్లీ సభ పెట్టించింది. ఆమె కాగితంలో ప్రశ్నలున్నాయి. ఎంతమంది వచ్చారు? ఎంతమంది మాట్లాడారు? వాళ్ల మాట వల్ల ప్లాన్‌లో ఏ గీత కదిలింది? నాయకులు జనంతో సమానంగా కూర్చున్నారా? ఈ చివరిదానికి పది మార్కులు. అది తెలియగానే హన్మంత్ కుర్చీ పక్కకు తోసి, పంచాయతీ కార్యదర్శినీ లాక్కొని జంపఖానా తూర్పు మూలన కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఫొటో కూడా దిగాడు.

"ఎవరైనా ఏమైనా చెప్తారా?" అని అక్షిత అడిగింది. ఎవరూ లేవలేదు. మూలన కూర్చున్న ఐలమ్మ పెదవులు కదిలాయి గానీ పక్కనున్నవాళ్లకు కూడా వినిపించలేదు. హన్మంత్ కార్యదర్శి చెవిలో ఏదో అన్నాడు.

సభ ముగిసింది. "వనజక్కా, రేపటిదాకా ఎందుకు? నేనుండగానే దులపండి" అంది అక్షిత. ఐలమ్మ ఇంటి చాయ్ ఊరికే పోలేదన్నమాట.

"దులుపు వనజా, ఉతికిందే గద!" అని హన్మంత్ నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. తను ఎక్కడ కూర్చుని లేచాడో అప్పుడు గుర్తొచ్చింది.

మొదటి దెబ్బలకు పత్తి ధర, బస్సు టైము, ఎవరివో మోకాళ్ల నొప్పులు రాలాయి. తరువాత తూర్పు మూల.

"ముసల్ది ఆనాడు గూడ నోరు తెరవలే. మనం రాసిందే ఉంటది, పరేషాన్ గాకు."

హన్మంత్ గొంతే, దగ్గుతో సహా. అక్షిత కాగితంలో 'ఆధారం' అన్న గడిలో 'జంపఖానా, తూర్పు మూల' అని రాసుకుంది.

ఇంకో మూల మిగిలింది. వనజ కర్ర ఎత్తింది.

"భూమి పోతే పోనీ. నా కొడుకు గూడ నన్ను నమ్ముతలేడు."

ఆఖరి వరుసలో నిలబడ్డ కుమార్ తల దించుకున్నాడు.

నెల తిరగకుండానే తీర్మానం రద్దయింది. గీత మళ్లీ మిర్చి చేను మీదికి పోయింది. ఐలమ్మ తన చేనుకు తాను పోయి వస్తోంది. ఇంట్లో మాత్రం రెండు పొయ్యిలే వెలుగుతున్నాయి.

ఒక పొద్దున వనజ ఎండలో పరిచిన జంపఖానా మీద, ఐలమ్మ కూర్చున్న మూలలోనే, కుమార్ ఒక్కడే కాసేపు కూర్చుని లేచిపోవడం చూసింది. ఆమెకు అనుమానం వచ్చింది. జంపఖానా మడిచి భుజాన వేసుకుని, నేరుగా ఐలమ్మ వాకిట్లోకి వెళ్లి దండెం మీద వేసి ఒక్క దెబ్బ వేసింది.

"తప్పైంది అవ్వా."

ఐలమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"సరిగ్గ ఇనవడలే బిడ్డా. ఇంకోపారి కొట్టు."

వనజ కొట్టింది. ఉత్త దుమ్ము లేచింది. ఒక మాట ఒక్కసారే రాలుతుందని ఐలమ్మకు తెలియదా? ఆమె వాకిలి తడిక వైపే చూస్తూ చాట కింద పెట్టింది. జంపఖానా వెనకాలే వచ్చి తడిక అవతల ఆగిపోయిన కుమార్ లోపలికి వచ్చాడు. అవ్వ ఎదురుగా కూర్చుని నోరు విప్పాడు.