ఉల్లిపాయ లేని పదకొండు రోజులు

మావారి మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు ఉంది. మిగతా ముప్ఫై ఏడూ చిన్నవి, వాటిని వదిలేద్దాం. ఆ ఒక్కటీ ఏమిటంటే, ఏ నేరం జరిగినా ఆయన ముందు వంటింట్లోనే వెతుకుతారు. చొక్కా గుండీ ఊడినా, గోడ గడియారం ఆగినా అడుగులు అటే పడతాయి. ఇన్నాళ్లూ ఆ బోనులో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఈ ఏడాది నాకు తోడుగా ఉల్లిపాయ కూడా ఎక్కింది.

ఆరున్నరకి ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన కళ్లు ఎర్రగా ఉండేవి. బూట్లయినా విప్పకుండా కళ్లు నులుముకుంటూ, "మళ్లీ ఉల్లిపాయలు కోశావా?" అనేవారు.

"పొద్దున కోసిందండీ. సాయంత్రం దాకా కాపు కాసి మీ కళ్లలోనే దూకిందా?"

"గాలాడని వంటిల్లు. ఘాటు ఎక్కడికి పోతుంది మరి?"

ఆ రోజు నుంచి వంటింటి తలుపు మూసుకుని వంట చేశాను. అయినా కళ్లు మండాయి. తలుపు కింద సందు ఉందిట.

అంతవరకే అయితే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఆయన నవల చదవడం మానేశారు. ఆ చదవడం తన కోసం కాదు, మా అత్తగారి కోసం. ఆవిడకి ఎనభై దాటాయి. చూపు మసకబారింది, డాక్టర్లు చెయ్యగలిగినదంతా చేసేశారు. మనుషుల్ని నడకని బట్టి పోల్చుకుంటారు గానీ అక్షరాలు ఆనవు. అందుకని రోజూ ఏడింటికి ఈయన ఆవిడ పక్కన కూర్చుని డిటెక్టివ్ నవల వినిపించేవారు. ఇన్‌స్పెక్టరుకి ఒక గొంతు, ఊరి డాక్టరుకి ఒకటి, ముసలి నావికుడికి ఒకటి, పనిమనిషికి ఇంకొకటి. లైట్‌హౌస్ కాపలాదారుణ్ణి ఎవరు చంపారో తేలడానికి ఇంకా నాలుగు అధ్యాయాలుండగా, "కళ్లు మండుతున్నాయమ్మా, రేపు చూద్దాం" అని మూసేశారు. ఆ రేపు వస్తుందనుకుంటూనే మూడు వారాలు గడిచాయి.

అత్తగారు మాత్రం ఏడింటికల్లా కుర్చీలో కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకునేవారు. ఏడున్నరకి దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టేసేవారు. ఎవర్నీ ఒక్క మాట అనేవారు కాదు. నేను చూడలేకపోయింది అదే.

ఒకరోజు నేనే చదువుతానన్నాను. రెండు పేజీలు ఓపిగ్గా విన్నారు.

"నువ్వు చదివితే హంతకుడు కూడా పచారీ చీటీలో సరుకులా ఉన్నాడమ్మాయ్. మావాడి కళ్లు నెమ్మదించాకే విందాంలే."

"పోనీ చివరి పేజీ చూసి చెప్పెయ్యనా అత్తయ్యా?"

"చెప్పావంటే నీతో మాట్లాడను. అయినా నాకు తెలుసు. చంపింది ఆ డాక్టరే."

నిజం చెప్పొద్దూ, ఆయన ఒళ్లు బద్ధకించి తప్పించుకుంటున్నారని నా అనుమానం. పుస్తకానికి మండే కళ్లు ఫోనుకి మండవా? కాబట్టి ముందు ఉల్లిపాయ సంగతి తేలాలి. నేను డిగ్రీలో సైన్సు చదివినదాన్ని. ఆ చదువు ఇన్నేళ్లకి పనికొచ్చింది. ఇంట్లోకి ఉల్లిపాయ రాకుండా ఆపేసి, కళ్లు మండాయన్న ప్రతి రోజూ కేలండర్లో చుక్క పెట్టడం మొదలెట్టాను.

అత్తగారి నాలుక మొదటి రోజే పట్టేసింది. "కూరలో ఉల్లిపాయ లేదేం?"

"మీ అబ్బాయి కళ్ల కోసమండీ."

"వాడికి చెప్పావా?"

"లేదు."

ఆవిడ నాలుగు ముద్దలు తిని, "అయితే నేనూ చెప్పనులే" అన్నారు. ఆయన మాత్రం ఫోను చూస్తూ తింటారు. ఆ కంచంలో చెప్పులు వండి వడ్డించినా బాగుందనే అంటారు.

నాలుగో రోజు వస్తూనే, "ఇవాళ ఘాటు మరీ ఎక్కువగా ఉంది. ఏ రకం ఉల్లిపాయ తెచ్చావు?" అన్నారు.

"కొత్త రకమండీ. కంటికి కనపడదు."

అత్తగారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

చుక్కలు వరసగా పడ్డాయి. ఆదివారం గడిలో మాత్రం పడలేదు.

పదకొండో రోజున ఆయన టిఫిన్ బాక్సు మరిచిపోయి వెళ్లారు. పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఆయనది బీమా కంపెనీలో ఉద్యోగం. జనం పంపిన ఆస్పత్రి కాగితాలు తెర మీద చూసి సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చాలి. అంటే, డాక్టర్ల చేతిరాతని పొద్దస్తమానం చదవాలి. అద్దాల తలుపు అవతల ఆయన పక్కనుంచి కనపడుతున్నారు. మెడ చాచి, ముక్కు తెరకి జానెడు దూరంలో పెట్టి కూర్చున్నారు. వెనక కిటికీ వెలుగంతా తెర మీదే పడుతోంది. నెత్తి మీది ఏసీ సరాసరి మొహంలోకి ఊదుతోంది. గోడ గడియారం చూస్తూ ఆయన రెప్పలు లెక్కపెట్టాను. నిమిషానికి నాలుగు. ఇంట్లో నేనేదైనా అడిగితే అంతకు అయిదింతలు కొట్టుకుంటాయి.

ఎదురు సీటు అమ్మాయి బయటికొచ్చింది. "సార్‌ని పిలవనా ఆంటీ?"

"ఉండమ్మా. ఆయన ఎప్పుడూ ఇంతేనా?"

"లంచ్‌కి తప్ప తల తిప్పరు. మమ్మల్ని మాత్రం తిప్పమంటారు." గోడ మీద నోటీసు చూపించింది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరానున్న దాన్ని ఇరవై సెకన్లు చూడండి. రెప్ప వెయ్యడం మరవకండి. ఏసీ గాలి మొహానికి తగలనివ్వకండి. కళ్లు మండుతుంటే పరీక్ష చేయించుకోండి. కింద మావారి సంతకం.

"సారే రాశారాంటీ. చదివామని మా అందరిచేతా సంతకాలు కూడా పెట్టించారు."

నోటీసుకి ఒక ఫోటో తీసుకుని, బాక్సు ఆ అమ్మాయి చేతికిచ్చి వచ్చేశాను.

సాయంత్రం ఆయన రాగానే కళ్లు నులుముకుని, "మళ్లీ..." అన్నారు. ఖాళీ ఉల్లిపాయల బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఇందులో ఉల్లిపాయ పడి పదకొండు రోజులైందండీ."

ఆయన బుట్ట చూశారు, కేలండరు చూశారు. "అయితే పక్కింటివాళ్లు కోసుంటారు."

"పక్కింటివాళ్లు ఊరెళ్లి వారమైందిరా" అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

ఫోనులో నోటీసు తీసి చూపించాను. "ఎవరో శ్రద్ధగా రాశారు. మీకు తెలుసేమో."

"అది ఆఫీసులో పనిచేసేవాళ్ల కోసం."

"మీరెక్కడ పనిచేస్తారు మరి?"

ఆయన వెళ్లి బూట్లు విప్పుకున్నారు. కాసేపటికి వంటింట్లోకొచ్చి, ఈసారి తలుపు తనే మూశారు. "అమ్మకి ఇలాగే మొదలైంది. ముందు మంట, తర్వాత మసక. పరీక్ష చేసి అదే అంటేనో?" అన్నారు గొంతు తగ్గించి. "ఉల్లిపాయ వల్లయితే రేపటికి పోతుంది కదా అనుకున్నాను."

బద్ధకమని నేను రాసుకున్న తీర్పు అక్కడికక్కడే కొట్టేశాను. పొయ్యి కట్టేసి, "రేపు సెలవు పెట్టండి. నేనూ వస్తాను" అన్నాను.

కళ్ల డాక్టరమ్మ గంటసేపు రకరకాల దీపాలు వేసి చూసింది. అమ్మగారి జబ్బు ఆనవాలేమీ లేదంది. రెప్ప వెయ్యక కళ్లు ఎండిపోతున్నాయి, పైగా తెర దూరానికి అద్దాలు కావాలి. ఏడాదికోసారి వచ్చి చూపించుకోమని చెప్పి, పాటించాల్సినవన్నీ ఉన్న కాగితం ఒకటి చేతికిచ్చింది. ఆయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. అందులోవి ఆయనకి కంఠతా వచ్చు.

ఆఫీసులో కంప్యూటరు బల్ల కిటికీకి పక్కకి తిరిగింది. ఏసీ రెక్క పైకి మళ్లింది. ఇరవై నిమిషాలకోసారి సార్ వీధిలోకి చూస్తున్నారని ఎదురు సీటు అమ్మాయి కబురు చెప్పింది. రెండు వారాలకి ఏడింటి కుర్చీలు మళ్లీ రెండయ్యాయి. రోజుకో అధ్యాయం చొప్పున నాలుగో రోజుకి కథ ముగిసింది. చంపింది డాక్టరు కాదు, కాపలాదారుడి సొంత తమ్ముడు.

"అబ్బే, డాక్టరే" అన్నారు అత్తగారు.

"అమ్మా, పుస్తకంలో ఉంది."

"రాసినవాడికేం తెలుసు? పుస్తకమే తప్పు."

ఆయన వాళ్లమ్మ వంక చూస్తూ ఉండిపోయారు. ఇరవై సెకన్లు ఉంటుందేమో. తర్వాత కొత్త అద్దాలు తీసి, బార్లా తెరిచిన వంటింటి తలుపులోంచి నా వైపు తిరిగారు. నేను ఉల్లిపాయలు కోస్తున్నాను.

"ఏమోయ్, ఆ ఉల్లిపాయ ఏ పాపం ఎరగదు. నువ్వూ ఎరగవు. తప్పు నాదే" అన్నారు, అత్తగారికి కూడా వినపడేలా.