కంప్యూటర్‌లో ఒక్కతే

వ్యాన్ కొనడానికి లోను రాదని బ్యాంకువాళ్ళు ఫోనులో చెప్పగానే నాకు ముందు గుర్తొచ్చింది పోలీసులు. ఎందుకని అడగకండి. ఏ కబురొచ్చినా నాకు మొదట చెడే తోస్తుంది. "నీకు లాటరీ తగిలినా టికెట్టు దొంగదేమోనని ఏడుస్తావే" అని మా ఆయన బతికున్న రోజుల్లో నవ్వేవారు.

నాకు ఇద్దరు కూతుళ్ళు, కవలలు. ముందు పుట్టింది పెద్దది, దాని వెనకాలే వచ్చింది చిన్నది. ఇంట్లో అలాగే పిలుస్తాం. పెద్దది ఫ్రిజ్‌లు బాగుచేస్తుంది. గ్యాస్ సిలిండరు, పనిముట్ల పెట్టె మోపెడ్ మీద కట్టుకుని తిరిగి తిరిగి దాని నడుము పడిపోయింది. పాత వ్యాన్ ఒకటి బేరం చేసుకుంది. అది ఉంటే హోటళ్ళలో ఉండే పెద్ద పెద్ద ఫ్రిజ్‌ల పని పట్టుకోవచ్చు. వ్యాన్ యజమాని నెలాఖరు దాకానే ఆగుతానన్నాడు. ఆలోగా లోను రాకపోతే అది ఇంకెవరి పాలో అవుతుంది.

క్రెడిట్ రిపోర్టు తెప్పిస్తే సంగతి బయటపడింది. పెద్దది జన్మలో కొనని స్కూటరు అప్పు దాని లెక్కలో ఉంది. వాయిదాలు ఆలస్యమని ఎర్రగా గుర్తు కూడా పెట్టారు.

ఆ స్కూటరు చిన్నదానిది. అది ఆస్పత్రిలో నర్సు. కిందటేడు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మంచాన పడ్డాక జీతమూ ఆగింది, వాయిదాలూ ఆగాయి. జీతం మళ్ళీ మొదలవగానే పైసాతో సహా కట్టేసింది. అప్పటికింకా ఎక్కువ దూరం నడవలేకపోయేది కనుక డబ్బిచ్చి అక్కను స్కూటరు కంపెనీకి పంపేది. కౌంటరులో గుర్తింపు కార్డు చూపించమంటే పెద్దది తన కార్డే తీసి చూపించింది. పుట్టినరోజు ఒకటే, ఇల్లు ఒకటే, మొహమూ ఒకటే. పేరు సరిచూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. చెల్లెలి అప్పుకు అక్క కార్డు నంబరు ఎక్కించేశారు.

"ఎందుకొచ్చిన గొడవే, నాదేనని ఒప్పేసుకో," అన్నాను పెద్దదానితో. "ఎదురు తిరిగితే దొంగ కార్డని కేసు పెడతారేమో."

"పెట్టనీ. జైల్లో మాత్రం ఫ్రిజ్‌లు ఉండవా ఏంటి?"

"నోరు ముయ్యవే!"

మర్నాడు ముగ్గురం స్కూటరు కంపెనీ ఆఫీసుకు వెళ్ళాం. ఇనుప పట్టీకి బిగించిన కుర్చీలు, అద్దం వెనక మెడలో కార్డు వేలాడుతున్న ఆఫీసరు. చెప్పిందంతా విన్నాడు గాని చూపు మాత్రం తెర మీదే.

"సిస్టమ్‌లో ఒక్కరే ఉన్నారండి."

"ఇక్కడ ఇద్దరం ఉన్నాం కదా సార్," అంది చిన్నది.

"ఉన్నారనుకోండి. కానీ సిస్టమ్‌లో..."

"అయితే మీ సిస్టమ్‌ని ఓసారి బయటికొచ్చి చూడమనండి," అంది పెద్దది.

వెనక కూర్చున్నవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు మొహం ముడుచుకున్నాడు. సొరుగులోంచి ఒక కాగితం తీసి పెద్దదాని ముందుకు తోశాడు.

"అప్పు మీదేనని దీని మీద సంతకం పెట్టేయండి మేడమ్. ఎలాగూ కట్టేశారు, ఏడాది తిరిగేసరికి స్కోరు దానంతటదే పెరుగుతుంది. దిద్దాలంటే పాత ఫైలు తీయాలి, పైకి పంపాలి. పెద్ద తతంగం."

"ఏడాదా? నాకు వ్యాన్ ఈ నెలలో కావాలి. అయినా నాది కానిదానికి నేనెందుకు సంతకం పెట్టాలి?"

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "పెద్దవారు, మీరైనా చెప్పండమ్మా."

నా వాలకం చూసే అడిగి ఉంటాడు. నిజానికి నా ప్రాణం సంతకం పెట్టించెయ్యమనే గోల పెడుతోంది. కానీ నా బుర్ర ఒక చోట ఆగే రకం కాదు. ఈవేళ చిన్నదాని స్కూటరు పెద్దదానిదని రాసుకుంటారు. రేపు దాని ఉద్యోగం కూడా పెద్దదానిదేనంటారు. ఎల్లుండి ఇంటికొచ్చి, ఈ రెండో మంచం ఎవరిది, మీకు ఒక్కతే కదా అంటారు. అక్కడిదాకా ఊహించుకునేసరికి భయం కాస్తా ఒళ్ళు మంటగా మారింది.

"చెప్పను," అన్నాను. "ఒకదాన్ని కని హమ్మయ్య అనుకుంటుంటే, ఇంకొకటి ఉందమ్మా అంది డాక్టరమ్మ. అప్పుడు మళ్ళీ చచ్చి బతికాను. అది మీ సిస్టమ్‌లో ఎక్కడ ఎక్కిందో చూపించండి."

"అది కాదమ్మా, ఒకే తేదీ, ఒకే అడ్రసు..."

"ఒకే కడుపు కూడా. అదీ రాసుకోండి. అయినా పుట్టింది ఇద్దరే."

ఈసారి నవ్వు గట్టిగానే వినిపించింది.

"మేనేజర్ గారు భోజనానికి వెళ్ళారు," అన్నాడు ఆఫీసరు.

"తిననివ్వండి పాపం. మేం కూర్చుంటాం."

కూర్చున్నాం. ఈలోగా పెద్దది రిపోర్టు ఇచ్చిన సంస్థకు ఫోనులోనే ఫిర్యాదు పంపేసింది.

మేనేజర్ వచ్చి పాత ఫైలు తెప్పించాడు. అందులో ఫొటో చూసి, వీళ్ళిద్దర్నీ చూసి, మళ్ళీ ఫొటో చూసి తల గోక్కున్నాడు. అప్పు తీసుకున్న నాటి కాగితంలో మాత్రం పేరు చిన్నదానిది, కార్డు నంబరు చిన్నదానిది, సంతకం కూడా చిన్నదానిదే. కౌంటరులో జరిగిన తప్పేనని ఒప్పుకుని, దిద్దుబాటు కోరుతూ మా ఎదుటే రాసి సంతకం చేశాడు. పెద్దది దాని నకలు తీసుకున్నాకే లేచింది.

నెలాఖరుకు ముందే రెండు రిపోర్టులు వచ్చాయి. పెద్దదాని లెక్క కడిగినట్టుంది. లోను వచ్చింది, వ్యాన్ ఇంటి ముందుకొచ్చింది. రెండో రిపోర్టు చూద్దును కదా, ఆ ఎర్ర గుర్తు ఇప్పుడు చిన్నదాని లెక్కలోకి వచ్చి కూర్చుంది.

"అయ్యో, నీ స్కోరు పడిపోయిందే! రేపు నీకెవరిస్తారే లోను?"

"పడనీ అమ్మా. కాలు విరిగింది నాకు. ఆలస్యం చేసింది నేను. పళ్ళు బిగించి కట్టింది కూడా నేనే. అవన్నీ అక్క లెక్కలో ఉంటే నాకేం మిగిలింది?"

అని ఊరుకోకుండా ఆ కాగితాన్ని ముందు గదిలో, వచ్చినవాళ్ళ కళ్ళబడేలా గోడకు అతికించింది. చుట్టాలు చూస్తే ఏమనుకుంటారోనని రెండుసార్లు పీకబోయాను. తరవాత నేనే నాలుగు మూలలా ఇంకాస్త టేపు వేశాను.