పుట్టింటి చీరకు క్లిప్పులు

పర్సుడీహ్ బజారులో దుకాణం గడప మీద కూర్చుని ఆదిబాబు కర్టెన్ క్లిప్పు రింగులు ఏరుతున్నాడు. ఒక్కొక్కదాన్నీ భుజం మీది తువ్వాలు అంచుకు పట్టించి, లాగి, గుడ్డ మీద గాటు పడిందేమోనని వెలుగులో పెట్టి చూస్తున్నాడు. కర్టెన్లు బిగించడంలోనే జుట్టు నెరిసిన మనిషి. మందపాటి గుడ్డకు పళ్ల క్లిప్పు, పట్టుకు లోపల రబ్బరు ఉన్నది, రింగు మాత్రం రాడ్డు కంటే వదులుగా ఉండాలి. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తెలిసి తెలిసి తప్పు చేశాడు కాబట్టే ఈ గుబులు.

భాలుబాసా బస్తీలో నూకమ్మ గది గుమ్మానికి పోయిన నెల కర్టెన్ కట్టింది అతనే. పేరుకే కర్టెన్, నిజానికది ఆమె తమ్ముడు చివరిసారి పెట్టిన చిలకాకుపచ్చ పట్టుచీర. ఆ తమ్ముడు ఇప్పుడు లేడు. మంచం దిగలేని నూకమ్మకు దాన్ని రోజూ కళ్లారా చూసుకోవాలని కోరిక.

“నాను పోయిననాడు పుట్టింటి చీర తెచ్చీవోలు ఇంకెవులున్నారు ఆదీ? ఇదే కప్పాల. సూది దించకు, చిరుగు పడనీకు” అందామె.

సూది వద్దంటే క్లిప్పులే దారి. ఆ రోజు సంచిలో పళ్లవే ఉన్నాయి. దసరా పూజల ముందు గిరాకీ రోజులు, మళ్లీ బజారు దాకా ఎవడు పోతాడని బద్ధకించాడు. “రేపు మెత్తవి తెచ్చి మార్చేత్తాను పిన్నీ” అని పళ్లవే బిగించాడు. ఆ రేపు రానేలేదు. నూకమ్మ ఫోను చేయించినప్పుడల్లా “వత్తన్నా” అని తప్పించుకున్నాడు.

ఇవాళ మెత్తవి జేబులో వేసుకుని సైకిలెక్కాడు. వెళ్లేసరికి ఇంటి ముందు జనం. లోపల నూకమ్మను నేల మీద పడుకోబెట్టారు. తెల్లవారుతూనే పోయిందట.

కోడలు దేవి అతన్ని చూసి కళ్లు తుడుచుకుంది. “మంచి టైముకొచ్చినావన్నా. ఆ చీర దించు. మాకు చేతకాదు.”

స్టూలెక్కి క్లిప్పులు ఒక్కొక్కటే నొక్కాడు. వదిలిన ప్రతిచోటా అంచుకు చిల్లే. కొన్ని చిల్లులు చీలికలయ్యాయి కూడా.

దేవి చీర అందుకుని, అంచు చూసి, అక్కడే కూలబడింది.

“నాదే తప్పన్నా. జల్దీ జల్దీలో దీన్ని బర్రున లాగీసీదాన్ని. మెల్లగా అని అత్త సెప్తానే ఉండీది.”

నీ తప్పు కాదమ్మా, నా క్లిప్పులు అని చెప్పడానికి ఆదిబాబు నోరు తెరిచాడు. అందరూ అతని వైపే చూశారు.

“ఊరుకోమ్మా” అన్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

దేవి చిరిగిన అంచును లోపలికి మడిచి అత్త మీద కప్పింది.

పాడె లేచింది. మగవాళ్లతో నడవలసిన మనిషి గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనక దేవి ఇంకా నాదే తప్పు, నాదే తప్పంటూ ఏడుస్తోంది. ఖాళీ రాడ్డుకు క్లిప్పులు వేలాడుతున్నాయి. ఒకదాని పళ్ల మధ్య చిలకాకుపచ్చ పోగొకటి చిక్కుకుని ఉంది.