వ్యాన్ వెనక గళ్ల బొమ్మ

వెనక కారు మళ్లీ దగ్గరికొచ్చేసింది, అద్దంలో చూస్తే నడిపే పిల్లది ఒక చెయ్యి స్టీరింగ్ మీద, రెండో చేతిలో ఫోను, ఇప్పుడు గానీ బ్రేకు తొక్కితే ఆ నీలం కారు నేరుగా వ్యాన్‌లోకి దూరిపోతుంది, రొట్టెలూ పోతాయి, వ్యాన్ నడుపుతున్న ఇర్యా నడుమూ పోతుంది, అంతా ఆ గళ్ల బొమ్మ మూలాన, వెనక తలుపు మీద తలుపంత స్టిక్కరు, ఫోనుతో స్కాన్ చేస్తే యాలకుల రొట్టె ఉచితమట, కూతురు కారినా నిన్న అది అతికిస్తూ ఎంత మురిసిపోయిందో, అమ్మా, రొట్టెలిచ్చి రావడానికి థండర్ బే ఊరంతా తిరుగుతావు కదా, నువ్వే మన ప్రకటన, కాస్త మెల్లగా నడుపు, వెనకవాళ్లకి స్కాన్ చేసుకునే టైమివ్వు, టైమా, వెనకవాళ్లు బండి నడుపుతుంటారే తల్లీ, అంటే వింటేనా, అబ్బా, నీకు ప్రతిదాంట్లోనూ శవాలే కనిపిస్తాయి, పక్క సీటువాళ్లు చేస్తార్లే, ఇదిగో చూడవే కారినా, పక్క సీటు ఖాళీ, ఖాళీ, కానీ నిన్న గట్టిగా అనలేకపోయింది, ఈ చలికాలం గిరాకీ పెరగకపోతే బేకరీ మూసేయాల్సిందేనని పిల్ల పిండి పిసుకుతూ ఏడవడం చూసి కూడా చూడనట్టు గిన్నెలు కడిగిన మనిషి ఏమని అంటుంది.

ఎర్ర లైటు పడింది, ఇక ఊరుకోలేక చలిలోకి దిగి వెళ్లి ఆ కారు అద్దం తట్టింది, ఏమ్మాయ్, చావాలనుందా, ఆ పిల్ల బెదిరిపోయి, సారీ పెద్దమ్మా, ఎంత దగ్గరికొచ్చినా స్కాన్ అవట్లేదు, మీ తలుపు చూసుకున్నారా, చూసింది, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పంతా బురదతో కలిసి బొమ్మ మీద అట్టకట్టింది, ఈ ఊళ్లో పుట్టి పెరిగి తల్లికీ తట్టలేదు, కూతురికీ తట్టలేదు, జనవరిలో వెనక నంబరు ప్లేటే కనిపించి చావదు, ఇక గళ్లు కనిపిస్తాయా, చేతితొడుగుతో ఒక్క తుడుపు తుడిస్తే చాలు, తుడిస్తే దూరం నుంచి ఫోనెత్తుతారు, తుడవకపోతే మీదికొచ్చి ఎత్తుతారు, ఎలాగైనా ఎత్తుతారు, అప్పుడు చూసింది ఆ కారు వెనక సీట్లో బెల్టుల మధ్య నోరు తెరుచుకుని నిద్రపోతున్న పసివాణ్ణి, వెనకెవడో హారను మోగిస్తూ, పచ్చ లైటు పడింది, ముసలమ్మా, ఇంటికెళ్లి నిలబడు, అని అరుస్తున్నాడు, అరవనీ.

వ్యాన్ తలుపు దగ్గరికెళ్లి గోళ్లు పెట్టి పీకింది, స్టిక్కరు చలికి పెళుసెక్కి ముక్కలు ముక్కలుగా ఊడింది, ఫోను లోపల పెట్టుకో, మా కొట్టుకొచ్చి మా అమ్మాయితో వాళ్లమ్మ పంపిందని చెప్పు, రొట్టె ఇస్తుంది, అని ఆ పిల్లతో అంది, కారినా అరుస్తుంది, ఏడుస్తుంది, బేకరీ పోయినా పోవచ్చు, పోతే కూతుర్ని దగ్గరికి తీసుకుని తనూ ఏడుస్తుంది, ఈ పసివాడికేమైనా అయితే మాత్రం ఈ తల్లి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది.